జేబుకి బ్యాడ్జ్ ఉందిగా, ఇంకేంటి భయం?

మా వదిన మొన్న ఆదివారం ఫోన్ చేసింది. వాళ్ళమ్మాయికి మెడికల్ ఇమేజింగ్ డిప్లొమాలో, అంటే ఎక్స్‌రేలు, స్కాన్లు తీసే కోర్సులో సీటొచ్చిందట, చేర్చమంటావా వద్దంటావా అని. జీతం ఎంతొస్తుందని అడుగుద్దనుకున్నా. కాదు, "రేడియేషన్ అంటగా, ఆ పని చేసే ఆడోళ్ళకి పిల్లలు పుట్టరంటగా" అంది. నేను 2004 నించీ అదే పని చేస్తున్నా, నాకిద్దరు పిల్లలు, పెద్దదాని పురుడికొచ్చి నెలరోజులుండి నీళ్ళు పోసింది కూడా ఈవిడే, అయినా అడిగింది. నేను నోరు తెరిచేలోపే మళ్ళీ తనే, "అయినా మీకా బ్యాడ్జ్ ఇస్తారుగా, అది జేబుకి పెట్టుకుంటే ఇంకేంటి భయం" అని తనకి తనే ధైర్యం చెప్పేసుకుంది.

రెండూ తప్పే. మొదటి దానికి ఫోన్‌లోనే నవ్వి సమాధానం చెప్పేశా. రెండోదానికి మాత్రం ఫోన్ పెట్టేశాక కూడా మనసులో పీకుతూనే ఉంది, ఎందుకంటే ఆ మాట మా వదిన ఒక్కతే అనదు, హాస్పిటల్ ఓనర్లంటారు, డాక్టర్లంటారు, నాతో పనిచేసిన టెక్నీషియన్లు కూడా అంటారు. అందుకే ఇదంతా రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుద్ది, టీ పెట్టుకుని చదవండి.

ముందు ఆ బ్యాడ్జ్ సంగతి చూద్దాం. టీఎల్‌డీ బ్యాడ్జ్ అంటాం. చిన్న ప్లాస్టిక్ డబ్బీ, లోపల ఒక పలచటి మెటల్ కార్డు, దానిమీద మూడు గుండ్రటి బిళ్ళలు. కాల్షియం సల్ఫేట్‌లో రవ్వంత డిస్ప్రోసియం కలిపి టెఫ్లాన్‌తో చేసిన బిళ్ళలు అవి, మన దేశంలో ఈ పద్ధతి బార్క్, అంటే భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ళు తయారు చేసింది. ఒక బిళ్ళ ముందు రేకు ఉంటుంది, ఇంకోదాని ముందు ప్లాస్టిక్, మూడోది ఖాళీ, దాన్నిబట్టి తగిలింది ఏ రకం రేడియేషనో తెలుసుకుంటారు. మన ఒంటికి తగిలిందంతా ఆ బిళ్ళల్లో దాచుకుని ఉంటుంది. మూడు నెలలకోసారి ల్యాబ్‌కి పంపితే అక్కడ వేడి చేస్తారు, వేడికి బిళ్ళ మినుక్కుమంటుంది, ఆ వెలుగు కొలిచి ఈ మూడు నెలల్లో మీకింత తగిలిందీ అని కాగితం పంపుతారు. అంతే. అది దేన్నీ ఆపదు. బరువు తూచే మిషన్ కొని ఇంట్లో పెట్టుకుంటే ఒళ్ళు తగ్గుద్దా? ఇదీ అంతే, పైగా ఆ కాగితం వచ్చేసరికి తగలాల్సింది ఎప్పుడో తగిలేసి ఉంటుంది.

నా మొదటి ఉద్యోగం గుంటూరు వైపు ఒక టౌన్‌లో ఇరవై పడకల నర్సింగ్ హోమ్. పేరు అనవసరం, అలాంటివి ఆ రోజుల్లో ప్రతి టౌన్‌లోనూ ఉండేవి. చేరిన రోజే నా పేరుతో బ్యాడ్జ్ చూపించారు, చూపించి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎందుకండీ అంటే మేనేజర్ గారు "పోతే డబ్బులు కట్టాలమ్మా, ఇన్‌స్పెక్షన్ వాళ్ళొచ్చినప్పుడు పెట్టుకుందువుగాని" అన్నారు, ఆయన నిజంగా నా మంచికే చెప్తున్నట్టు చెప్పారు. ప్రతి మూడు నెలలకీ రిపోర్టు వచ్చేది, నా పేరు ఎదురుగా సున్నా. అలా ఏళ్ళ తరబడి సున్నా. ఆ బీరువాకి తగిలిన డోసు సున్నా అని చదువుకోవాలి దాన్ని.

అక్కడ ఒకటే లెడ్ ఏప్రాన్. గోడకి మేకు ఉన్నా ఎవరూ తగిలించేవాళ్ళు కాదు, మడిచి స్టూల్ మీద పడేసేవాళ్ళు, దాని మీద కూర్చుని టిఫిన్ తినేవాడు మా సీనియర్. సీసం కలిపిన రబ్బరు షీటు అది, మడతపెడితే మడత దగ్గర చీలుద్ది, పైన గుడ్డ మాత్రం బాగానే కనపడుద్ది. కాలేజీలో మా సార్ చెప్పింది గుర్తొచ్చి ఒక మధ్యాహ్నం పేషెంట్లు లేనప్పుడు ఆ ఏప్రాన్‌ని ఫిల్మ్ పెట్టే పెద్ద క్యాసెట్ మీద పరిచి ఒక ఎక్స్‌పోజర్ ఇచ్చా. డార్క్ రూమ్‌లో డెవలపర్‌లో ముంచి ఎర్రబల్బు కింద పైకెత్తి చూస్తే, సీసం ఉన్న మేరా తెల్లగా ఉండాల్సిన ఫిల్మ్ మీద నల్లటి గీతలు, అడ్డంగా నిలువుగా, మే నెలలో మా ఊరి చెరువు అడుగు ఎలా ఉంటుందో అలా. సరిగ్గా పొట్ట దగ్గర వచ్చే చోట. ఆ ఫిల్మ్ ఆరబెట్టి డాక్టర్ గారికి చూపిస్తే ఆయన వ్యూ బాక్స్ మీద పెట్టి కాసేపు చూసి "ఫిల్మ్ వేస్ట్ చేశావా?" అన్నారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు.

ఇది చెప్పింది ఆయన్ని తిట్టడానికి కాదు. ఆ ఏప్రాన్ పని ఎవరిది? కొన్నది ఓనరు, వాడేది నేను, ఏడాదికోసారి చూసి పక్కన పడేయాల్సింది సేఫ్టీ ఆఫీసరు, ఆ సేఫ్టీ ఆఫీసరు ఎవరో ఆ బిల్డింగ్‌లో ఎవరికీ తెలీదు. మన దేశంలో ఈ వ్యవహారం చూడ్డానికి 1983 నవంబర్ 15న ఏఈఆర్‌బీ అనే అణుశక్తి నియంత్రణ బోర్డు పెట్టారు, అటామిక్ ఎనర్జీ యాక్ట్ కింద 2004లో రేడియేషన్ ప్రొటెక్షన్ రూల్స్ వచ్చాయి, నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే. ఆ రూల్స్‌లో యజమాని ఏం చేయాలి, లైసెన్స్ తీసుకున్నాయన ఏం చేయాలి, ఆర్‌ఎస్‌ఓ అనే ఆ సేఫ్టీ ఆఫీసరు ఏం చేయాలి, మాలాంటి వర్కర్ ఏం చేయాలి అని విడివిడిగా రాసి ఉంది. రాయలేదని ఎవరూ అనలేరు. కాగితం మీద నలుగురిదీ బాధ్యత, రూమ్‌లో మాత్రం స్విచ్ పట్టుకున్నవాళ్ళదే.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ప్రపంచం మొత్తం మీద రేడియేషన్ సేఫ్టీకి మూడు సూత్రాలు, ఐసీఆర్‌పీ అనే అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంస్థ చెప్పినవి, ఆ సంస్థ 1928లో స్టాక్‌హోమ్‌లో పుట్టింది. జస్టిఫికేషన్, ఆప్టిమైజేషన్, డోస్ లిమిట్స్. మా భాషలో చెప్పాలంటే, ఈ ఫోటో తీయడం అవసరమా, అవసరమైతే ఎంత తక్కువ రేడియేషన్‌తో పని జరుగుద్ది, మూడోది ఏడాదికి ఇంత అని ఒక గీత. మాలాంటి వాళ్ళకి మన దగ్గర ఐదేళ్ళ సగటు మీద ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలిన రేడియేషన్‌ని కొలిచే కొలత అది), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. బయట బెంచీ మీద కూర్చున్న మామూలు జనానికి ఏడాదికి 1. కడుపుతో ఉన్న టెక్నీషియన్ ఆ విషయం చెప్పిన దగ్గర్నించీ లోపలి బిడ్డకీ అదే 1.

మరి పేషెంటుకి? పేషెంటుకి గీత లేదు. చాలామంది నమ్మరు ఇది చెప్తే. సీటీ టేబుల్ మీద పడుకున్న మనిషికి ఏడాదికి ఇంతే అనే లెక్క ఏ రూల్‌లోనూ లేదు, ఉండకూడదు కూడా, ఎందుకంటే యాక్సిడెంట్ అయి తల పగిలొచ్చినవాడికి "సారీ అండీ ఈ ఏడాది మీ కోటా అయిపోయింది" అనలేం కదా. దానికి నేను ఒప్పుకుంటా. కానీ దాని అర్థం ఏంటో ఒక్కసారి ఆలోచించండి. నాకు గీత ఉంది, బ్యాడ్జ్ ఉంది, గోడ ఉంది, లెడ్ గ్లాస్ ఉంది. పేషెంటుకి ఉన్నవి మొదటి రెండు సూత్రాలే. అవసరమా అని ఎవరో ఒకరు అడగాలి, తక్కువలో తీయాలని ఎవరో ఒకరు అనుకోవాలి. ఆ రెండూ జరగకపోతే ఆ మనిషికి అడ్డం ఏమీ లేదు. మన సిస్టమ్ మొత్తం మూడో సూత్రం చుట్టూ తిరుగుద్ది, బ్యాడ్జ్‌లు, రిజిస్టర్లు, రిపోర్టులు, ఎందుకంటే దాన్ని కొలవచ్చు, ఫైల్‌లో పెట్టొచ్చు. మొదటి సూత్రానికి ఫైల్ లేదు. నా గొడవ మొత్తం ఇదే.

2021 ఏప్రిల్, మే నెలలు గుర్తున్నాయా. నేను అప్పటికే హైదరాబాద్‌లో సీటీలో చేస్తున్నా. పీపీఈ కిట్ వేసుకుని రాత్రి పగలు హెచ్‌ఆర్‌సీటీ చెస్ట్, హెచ్‌ఆర్‌సీటీ చెస్ట్, అంటే ఊపిరితిత్తుల సీటీ స్కాన్, అదే పని. జ్వరం వచ్చినవాళ్ళు వచ్చారు, సరే. జ్వరం రానివాళ్ళు, పక్కింటాయనకి పాజిటివ్ వచ్చిందని వచ్చినవాళ్ళు, ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే స్కోర్ మొన్న 25కి 8 వచ్చింది ఇప్పుడెంతుందో చూసుకుందామని క్రికెట్ స్కోర్‌లా అడుగుతూ వారంలో రెండోసారి వచ్చినవాళ్ళు. ఫ్యామిలీ మొత్తం ఆటోలో వచ్చి నలుగురికీ తీయించుకుని వెళ్ళారు ఒకసారి, అందులో పదకొండేళ్ళ పిల్లాడు, వాడికి దగ్గు కూడా లేదు. చీటీ ఉందా అంటే ఉంది, ఎవరో వాట్సాప్‌లో రాసిచ్చారు.

ఆ టైమ్‌లోనే మే 3న అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణ్‌దీప్ గులేరియా గారు, ఒక సీటీ అంటే 300, 400 చెస్ట్ ఎక్స్‌రేలతో సమానం, లక్షణాలు లేనివాళ్ళు తీయించుకోవద్దు అన్నారు. వెంటనే రేడియాలజిస్టుల సంఘం వాళ్ళు అది పాతకాలం లెక్క, ఇప్పటి మిషన్లలో 5 నించి 10 ఎక్స్‌రేలంతే అని ఖండించారు. మా రూమ్‌లో దీని మీద పెద్ద చర్చ. నా లెక్క నేను చెప్తా. చెస్ట్ ఎక్స్‌రే ఒకటి సుమారు 0.02 మిల్లీసీవర్ట్ నించి 0.1 దాకా, ఎవరు ఎలా తీశారన్నదాన్ని బట్టి. మామూలు సెట్టింగ్‌లో చెస్ట్ సీటీ 5, 7. లో-డోస్ పెడితే 1, ఒకటిన్నర, ఇంకా తగ్గించొచ్చు కూడా. దేన్ని దేంతో భాగించావన్నదాన్ని బట్టి 10 కూడా వస్తుంది, 300 కూడా వస్తుంది. అంటే ఇద్దరి మాటా ఎక్కడో ఒకచోట నిజమే. కానీ మిషన్‌లో లో-డోస్ ప్రోటోకాల్ ఉండటం వేరు, రాత్రి రెండింటికి బయట ముప్పై మంది నిలబడి ఉన్నప్పుడు ఎవరైనా ఆ బటన్ నొక్కడం వేరు. ఆ నెలన్నర ఎన్ని సెంటర్లలో ఎంతమంది నొక్కారో ఎవరికీ తెలీదు. పేషెంటుకి బ్యాడ్జ్ లేదుగా.

ఇక్కడ భయపెట్టడం నా ఉద్దేశం కాదు, అది స్పష్టంగా చెప్పాలి. ఎక్కడా ఏ స్కానూ తీయించుకోకపోయినా నేలలోంచి, గాలిలోంచి, ఆకాశంలోంచి సగటున మనిషికి ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ తగులుద్ది. ఒక చెస్ట్ ఎక్స్‌రే అంటే అందులో కొద్దిరోజుల వాటా, దానికి భయపడి టీబీ పరీక్ష మానేస్తే ఆ టీబీయే చంపుద్ది. స్విచ్ వదిలిన మరుక్షణం ఎక్స్‌రే ఉండదు, లైట్ ఆపేశాక గదిలో వెలుతురు మిగలనట్టే. మా పాత నర్సింగ్ హోమ్‌లో ఊడ్చే ఆవిడ ఎక్స్‌రే రూమ్‌లోకి రానంటే రానని గడపలోంచే చీపురు చాపి ఊడ్చేది, గోడలకి పట్టుకుని ఉంటుందని ఆవిడ నమ్మకం. అదే ఆవిడ మధ్యాహ్నం మా రూమ్ తలుపుకి ఆనుకుని కునుకు తీసేది. ఆ తలుపు ఉత్త చెక్క తలుపు, సీసం రేకు లేదు, పైన ఎర్రబల్బు కాలిపోయి ఎన్నేళ్ళయిందో. ఆవిడకి ఎవరూ చెప్పలేదు, అది నా తప్పు కూడా.

భయం వల్ల జరిగే నష్టం ఇంకోటి ఉంది, ఆడవాళ్ళ విషయంలో. నెల తప్పిందని తెలీక పొట్ట ఎక్స్‌రే తీయించుకున్న అమ్మాయిని, బిడ్డ అవకరంగా పుడుతుందని చెప్పి తీయించేసుకోమన్న ఆర్ఎంపీలు నాకు తెలుసు. ఐసీఆర్‌పీ చెప్పేదేంటంటే కడుపులో బిడ్డకి తగిలింది 100 మిల్లీగ్రే (ఇదీ రేడియేషన్ కొలతే) లోపు ఉంటే ఆ కారణంతో గర్భం తీయించుకోనక్కర్లేదు అని. పొట్ట ఎక్స్‌రే ఒకదాంట్లో బిడ్డకి తగిలేది ఒకటో రెండో మిల్లీగ్రే. ఆ అంకె ఒక్కటి తెలిస్తే ఎన్ని ఇళ్ళల్లో ఏడుపు తప్పేది. ముందే అడగడం మా బాధ్యత, నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా అని, మగ టెక్నీషియన్లు సిగ్గుపడి అడగరు, అత్తగారు పక్కనుంటే అమ్మాయి చెప్పదు. అందుకని నేను "లోపలికి ఒక్కరే రావాలమ్మా" అని అత్తగార్ని బయట కూర్చోబెట్టి అడుగుతా. ఇది ఏ కోడ్ బుక్‌లోనూ ఉండదు.

నా సంగతి కూడా చెప్పేస్తా ఇక్కడే. 2009లో నాకు మూడో నెలలో ఓనర్‌కి చెప్పాను, సార్ నేను కన్సీవ్ అయ్యాను, ఆపరేషన్ థియేటర్‌లో వాడే ఎక్స్‌రే మిషన్ సీ-ఆర్మ్‌కీ, మంచం దగ్గరికి తీసుకెళ్ళే పోర్టబుల్‌కీ వేరేవాళ్ళని పంపండి, ఎక్స్‌రే రూమ్‌లో అద్దం వెనక నిలబడి చేసే పని నేనే చేస్తాను అని. రూల్ కూడా అంతే, కడుపుతో ఉంటే ఉద్యోగం తీసేయమని లేదు, పని మార్చమని ఉంది. ఆయన చాలా ఆప్యాయంగా "ఎందుకమ్మా రిస్కు, ఇంటికెళ్ళి రెస్ట్ తీసుకో" అన్నారు. రెస్ట్ అంటే జీతం లేదు. మా ఆయనకి అప్పుడు సరైన పని లేదు. రెండ్రోజులు ఇంట్లో కూర్చుని మూడో రోజు వెళ్ళి, ఆ చిరిగిన ఏప్రాన్ మడత పొట్ట మీదకి రాకుండా వెనక్కి తిప్పి కట్టుకుని పనిచేశా. తర్వాత నెలలో మా పిన్ని కొడుకు విజయవాడలో ఒక డీలర్ దగ్గర పాత డెమో ఏప్రాన్ ఉంటే కొని పంపాడు. సీసం షీటు నా డబ్బులతో. ఇంతకీ ఆ మూడు నెలల రిపోర్టులో కూడా నా డోసు సున్నాయే.

ఈ పనిలో మొదట పోయిందీ మాలాంటివాళ్ళే. రాంట్‌జెన్ 1895లో ఎక్స్‌రే కనిపెట్టాడు, అమెరికాలో ఎడిసన్ దగ్గర క్లారెన్స్ డాలీ అనే అసిస్టెంట్ ట్యూబులు పనిచేస్తున్నాయో లేదో తన చెయ్యే అడ్డం పెట్టి చూసుకునేవాడు, చివరికి రెండు చేతులూ తీసేశారు, 1904లో పోయాడు, ఎడిసన్ ఎక్స్‌రేల పనే మానేశాడు. జర్మనీలో హాంబర్గ్‌లో ఒక హాస్పిటల్ ఆవరణలో అలా పోయినవాళ్ళ పేర్లతో రాయి ఉంది, 1936లో పెట్టినప్పుడు దానిమీద 169 పేర్లు. వాళ్ళకి తెలీదు పాపం. మనకి తెలుసు, తెలిసి బీరువాలో పెడుతున్నాం.

పిల్లల ఎక్స్‌రేలప్పుడు వచ్చే గొడవ ఒకటి ఉంది, రోజూ ఉండేదే. ఏడాది పిల్ల, ఏడుస్తుంది, కదులుతుంది, ఎవరో ఒకరు పట్టుకోవాలి. నేను తండ్రికి ఏప్రాన్ ఇచ్చి "మీరు చేతులు ఇలా పట్టుకోండి" అంటా. ఆయన వెనక్కి జరిగి "మీరే పట్టుకోండి మేడమ్, మీకలవాటేగా" అంటాడు. అలవాటు! మందు కొట్టడం అలవాటైనట్టు రేడియేషన్ అలవాటైపోతుందని జనం అనుకుంటారు. ఆయనకిది జీవితంలో ఒక్కసారి, నేను పట్టుకోవడం మొదలుపెడితే రోజుకి ఎంతమందిని పట్టుకోవాలి? మొదట్లో మొహమాటానికి పట్టుకునేదాన్ని, తల్లులు భయంగా చూస్తుంటే కాదనలేక. ఇప్పుడు పట్టుకోను. ఇసకబస్తాలు పెడతా, గుడ్డతో చుడతా, కుదరకపోతే ఇంట్లోవాళ్ళే, ఏప్రాన్ వేసి, బీమ్, అంటే ఎక్స్‌రే కిరణాలు పడే చోట చేతులు లేకుండా. కఠినంగా ఉందని కంప్లయింట్ కూడా ఇచ్చారు నామీద ఒకసారి.

బీమ్ అంటే గుర్తొచ్చింది, పసిపిల్లల చెస్ట్ ఎక్స్‌రేలు తీసుకొస్తారు చూడండి బయట సెంటర్లలో తీసినవి, తల నించి మోకాళ్ళ దాకా మొత్తం పిల్ల కనపడుద్ది ఫిల్మ్‌లో. అడిగింది ఊపిరితిత్తులు. కొలిమేటర్ అని ట్యూబ్ కింద రెండు నాబ్‌లు ఉంటాయి, తిప్పితే లైటు ఎంతమేర పడుతుందో ఎక్స్‌రే అంతే పడుద్ది. రెండు సెకన్ల పని. ఏప్రాన్ కప్పడం కంటే వంద రెట్లు ముఖ్యమైన పని ఇది, కానీ ఏప్రాన్ కప్పితే తల్లికి కనపడుద్ది, నాబ్ తిప్పితే ఎవరికీ కనపడదు. అసలు పేషెంటు నడుము కింద సీసం ముక్క కప్పే అలవాటే అక్కర్లేదని అమెరికాలో మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2019లో చెప్పేసింది, దానివల్ల లాభం లేకపోగా ఒక్కోసారి ఫోటోకి అడ్డమొచ్చి మళ్ళీ తీయాల్సొస్తుందని. ఈ మాట చెప్తే మా దగ్గర జనం నన్నే అనుమానంగా చూస్తారు, సీసం డబ్బులు మిగుల్చుకుంటోంది అన్నట్టు.

ఇంకో సంగతి డిజిటల్ వచ్చాక మొదలైంది. ఫిల్మ్ రోజుల్లో ఎక్స్‌పోజర్ ఎక్కువిస్తే ఫిల్మ్ నల్లగా బొగ్గులా వచ్చేది, డాక్టర్ మొహాన కొట్టేవాడు, కాబట్టి ఎక్స్‌రే ఎంతివ్వాలో చెప్పే సెట్టింగ్‌లు, కేవీ, ఎంఏఎస్, ఒళ్ళు దగ్గర పెట్టుకుని వేసేవాళ్ళం. డిజిటల్‌లో ఎక్కువిస్తే ఏమవుద్దో తెలుసా, ఫోటో ఇంకా బాగుంటుంది. కంప్యూటర్ దాన్ని సరిచేసి చూపిస్తుంది. తక్కువిస్తే గరుకు గరుకుగా వచ్చి తిట్లు తినాలి, ఎక్కువిస్తే మెచ్చుకుంటారు. ఇంక ఏ టెక్నీషియన్ తక్కువిస్తాడు? అలా నెలనెలా కొంచెం కొంచెం పెరుగుతూ పోతుంది, ఎవరూ కావాలని చేయరు, ఎవరికీ తెలీదు. స్క్రీన్ మూల ఎక్స్‌పోజర్ ఇండెక్స్ అని ఒక నంబరు వస్తుంది దీన్ని పట్టుకోవడానికే, కొత్తగా చేరిన పిల్లల్ని అదేంటి అని అడిగితే "బిల్ నంబరా మేడమ్" అన్నాడొకడు. సీటీలో కూడా ఇదే. 2008లో లాస్ ఏంజెలెస్‌లో పేరున్న హాస్పిటల్లో బ్రెయిన్ సీటీలకి సెట్టింగ్ తప్పు పెట్టేస్తే పద్దెనిమిది నెలల పాటు 206 మందికి ఉండాల్సినదానికి ఎనిమిది రెట్లు ఇచ్చారు, ఒక పేషెంటు జుట్టు ఊడిపోతోందని చెప్పేదాకా బయటపడలేదు. ఫోటోలు మాత్రం ఆ పద్దెనిమిది నెలలూ బాగానే ఉండి ఉంటాయి.

డాక్టర్లని కూడా కాస్త అనాలి, అలాగని ప్రేమతోనే. ఆర్థో థియేటర్‌లో సీ-ఆర్మ్ దగ్గర నిలబడితే సర్జన్ గారు "షాట్... ఇంకోటి... ఇంకోటి" అంటుంటారు, వేళ్ళు బీమ్‌లోనే ఉంటాయి, స్క్రీన్ మీద రాడ్ పక్కనే ఆయన వేళ్ళ ఎముకలు, ఉంగరంతో సహా కనపడతాయి నాకు. "సార్ చెయ్యి" అంటే తీస్తారు, తర్వాతి షాట్‌కి మళ్ళీ పెడతారు. అందరూ ట్యూబ్ వైపు చూసి భయపడతారు కానీ పక్కన నిలబడ్డవాళ్ళకి తగిలేది ఎక్కువభాగం పేషెంటు ఒంట్లోంచి చెదిరి వచ్చేది. అందుకే దూరం అంత పనిచేస్తుంది, మీటరు దూరంలో ఉన్నవాడు రెండు మీటర్లకి జరిగితే నాలుగో వంతే. ఒక అడుగు వెనక్కి వేయడానికి లైసెన్స్ అక్కర్లేదు, డబ్బులక్కర్లేదు. క్యాథ్‌లాబ్‌లో రోజంతా నిలబడే గుండె డాక్టర్లకి కంట్లో శుక్లాలు ముందే వస్తున్నాయని చూశాకే 2011లో ఐసీఆర్‌పీ కంటి లిమిట్‌ని ఏడాదికి 150 మిల్లీసీవర్ట్‌ల నించి ఒక్కసారిగా 20కి దించింది. అయినా లెడ్ గ్లాసెస్ బరువని పెట్టుకోనివాళ్ళు, బ్యాడ్జ్‌లో ఎక్కువొస్తే కేసులు ఆపేయాల్సొస్తుందని బ్యాడ్జే తీసి పక్కన పెట్టేవాళ్ళు ఉన్నారు. నా బ్యాడ్జ్ బీరువాలో ఓనర్ పెట్టాడు, వాళ్ళది వాళ్ళే పెట్టుకుంటున్నారు.

నాకు బాగా తెలిసిన ఒక ఫిజీషియన్ ఉన్నారు, మంచాయన, నాతో వాదిస్తారు. "నువ్వు రూమ్‌లో కూర్చుని అవసరమా అంటావు, నేను సీటీ రాయకపోతే, రేపు ఏదన్నా మిస్సయితే, కన్స్యూమర్ కోర్టుకెళ్ళేది నేను, నువ్వు కాదు. సీటీ రాసినందుకు ఏ కోర్టూ నన్ను శిక్షించలేదు" అంటారు. నిజమే, దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. రాయనందుకు శిక్ష ఉండి, అనవసరంగా రాసినందుకు ఏమీ లేనప్పుడు ఎవరైనా రాస్తారు. పైగా మన దగ్గర ఇంకోటి కూడా ఉంది, దాన్ని ఆయన ముందు అనలేదు కానీ ఇక్కడ అంటా, కట్. స్కాన్ రాస్తే సెంటర్ నించి రాసినవాళ్ళకి వెళ్ళే కవరు. మెడికల్ కౌన్సిల్ 2002 రెగ్యులేషన్స్‌లో అది తప్పని స్పష్టంగా ఉంది. లిస్ట్ చూసి కవర్లలో డబ్బులు పెట్టే కుర్రాడు నేను పనిచేసిన ఒకచోట మా పక్క టేబులే. కవరు ఉన్నంతకాలం అవసరమా అన్న ప్రశ్న అడిగేవాడికి నష్టం, అడగనివాడికి లాభం, ఇంక ఎన్ని పోస్టర్లు అంటిస్తే ఏం లాభం.

కాబట్టి నేననేది, ఆ ప్రశ్న అడిగే అధికారం స్విచ్ దగ్గరున్న మనిషికి కూడా ఇవ్వాలి. డాక్టర్‌ని కాదని నిర్ణయం చేయమని కాదు, ఆపి ఫోన్ చేసే హక్కు. బాధ్యత ఉన్నవాడికి అధికారం లేకపోతే అది బాధ్యత కాదు, బలి. బ్యాంకులో క్యాషియర్ సంతకం తేడాగా ఉంటే చెక్కు ఆపి అడుగుతాడు, ఎవరూ తప్పుపట్టరు. మేం ఒక చీటీ ఆపితే "టెక్నీషియన్‌వి, నీకెందుకు" అంటారు. ఆర్‌ఎస్‌ఓ ఉన్నారుగా అంటారు. ఇప్పుడు నేను పనిచేసే చోట కాగితం మీద ఆర్‌ఎస్‌ఓ ఉన్నారు, మంచివారే, కానీ ఆయన అదే హాస్పిటల్ జీతగాడు, మిషన్ ఆపమని చెప్పాల్సింది ఎవరికి, తనకి జీతమిచ్చే ఆయనకే. బ్రెజిల్‌లో గొయానియాలో 1987లో జరిగింది చదివితే అర్థమవుద్ది, ఒక కాన్సర్ క్లినిక్ ఖాళీ చేసి వెళ్ళిపోతూ సీజియం అనే రేడియేషన్ వదిలే పదార్థం ఉన్న మిషన్‌ని పాత బిల్డింగ్‌లోనే వదిలేశారు, బిల్డింగ్ గొడవ కోర్టులో నడుస్తోంది. పాతసామాన్లు ఏరేవాళ్ళు ఇద్దరు తీసుకెళ్ళి విప్పారు, వాళ్ళ దగ్గర కొన్న పాతసామాన్ల కొట్టాయన చీకట్లో నీలంగా మెరుస్తోందని చుట్టాలకి పంచాడు. నలుగురు చచ్చిపోయారు, 249 మందికి అంటుకుంది. అక్కడా బాధ్యత అందరిదీనే.

సరే, పోయిన నెల సంగతి చెప్పి ఆపుతా. సూర్యాపేట నించి ఒక పెద్దాయన, కొడుకు తీసుకొచ్చాడు, కడుపు నొప్పి, సీటీ అబ్డామెన్ రాశారు, బిల్లు కట్టేశారు. మనవాళ్ళు హాస్పిటల్‌కొస్తే రిపోర్టులన్నీ బట్టల షాపు కవర్లో వేసుకొస్తారు కదా, ఆ కవరు వాళ్ళ దగ్గరుంది. నాకలవాటు, పేషెంటు బట్టలు మార్చుకునేలోపు కవరు తీసి చూస్తా. పాత ఈసీజీలు, షుగర్ కాగితాలు, వాటి మధ్యలో ఒక సీడీ, సీడీ మీద ఆయన పేరు, సీటీ అబ్డామెన్, తేదీ ఆరు రోజుల కిందటిది. "ఇది డాక్టర్ గారికి చూపించారా బాబూ?" అంటే "రిపోర్టు ఇంకా ఇయ్యలే మేడమ్ ఆడ, అందుకే చూపియ్యలే" అన్నాడు. సీడీ మా సిస్టమ్‌లో పెట్టి చూస్తే శుభ్రంగా ఉన్నాయి ఇమేజ్‌లు. పైకి ఫోన్ చేశా. డాక్టర్ గారు "ఔనా, నాకు చెప్పలేదే, సరే సరే, అది పంపించండి, మా రేడియాలజిస్ట్ చూస్తారు" అన్నారు, ఒక్క నిమిషం కూడా పట్టలేదు, ఆయనకి కోపం కూడా రాలేదు.

తర్వాత బిల్లు క్యాన్సిల్ చేయించడానికి కౌంటర్‌కి పంపితే వాళ్ళు నన్నే రమ్మన్నారు. సాఫ్ట్‌వేర్‌లో కారణం అని ఒక గడి ఉంది, అది నింపితే కానీ డబ్బులు వెనక్కి రావు. నొక్కితే కిందకి లిస్ట్ వచ్చింది. పేషెంట్ రాలేదు. పేషెంట్ వద్దన్నారు. మిషన్ రిపేర్. డబుల్ బిల్లింగ్. అంతే, నాలుగే. "అవసరం లేదు" అని పెట్టాలి నాకు, అది లేదు. కౌంటర్ అమ్మాయి నా మొహం చూస్తోంది, వెనక క్యూ, ఆ కొడుకు డబ్బుల కోసం నిలబడి ఉన్నాడు.

డబుల్ బిల్లింగ్ అని పెట్టి వచ్చేశా.